పట్నం నుంచి వచ్చే సంచిలో ఒక పుస్తకం

(మా ప్రతినిధి)

మన నల్లగొండ జిల్లా పల్లెల్లో ‘‘మీవాడు ఇప్పుడెక్కడ వున్నాడు?’’ అని అడిగితే ‘‘అశోక్‌నగర్‌లో చదువుకుంటున్నాడు’’ అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. అశోక్‌నగర్ అనేది కాలేజీ పేరు కాదు. హైదరాబాదులో బషీర్‌బాగ్, నారాయణగూడ దాటి, చిక్కడపల్లి మీదుగా ఆర్.టి.సి. చౌరస్తాకు పోతే వచ్చే ఒక పేట. సర్కారు కొలువుల పరీక్షలకు తయారయ్యే పల్లె పిల్లలు వేల సంఖ్యలో అక్కడ చేరుతున్నారు. కౌలు పైసలో, పాలు పోసిన పైసలో కూడబెట్టి నెలనెలా అక్కడికి పంపే తల్లిదండ్రులు మన జిల్లాలో ఎందరో వున్నారు.

ఆ పిల్లలు దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చేటప్పుడు సంచి నిండా పుస్తకాలు మోసుకొస్తారు. అన్నీ పరీక్షల గైడులే. వాటిని ఇంట్లో మరెవరూ ముట్టరు. ముట్టినా వాళ్ళకు పనికివచ్చేది అందులో వుండదు. పరీక్ష అయిపోగానే ఆ గైడులు అటక ఎక్కుతాయి, లేదా పాత కాగితాలవాడి తక్కెడకు చేరతాయి.

అదే సంచిలో తాత నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ చదువుకునే పుస్తకం ఒక్కటి వుంటే ఎంత బాగుంటుంది! అలాంటి పుస్తకాలు అశోక్‌నగర్‌కు దగ్గరలోనే దొరుకుతాయి. ఎక్కడ దొరుకుతాయి, ఏవి తెప్పించుకోవాలి, అవి వూరికి చేరడానికి ఏం అడ్డం వస్తున్నది అనే సంగతులు చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక్క మార్కు ప్రశ్న

అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో పుస్తకాల దుకాణాలకు కొదవ లేదు. రోడ్డు పక్క బల్లల మీద కూడా పుస్తకాలే. అయితే ఆ దుకాణాలలో ముందు వరుసలో కనిపించేవి గ్రూప్ వన్, గ్రూప్ టూ, పోలీసు, ఉపాధ్యాయ పరీక్షల గైడులు, పాత ప్రశ్నపత్రాలు, జిరాక్సు నోట్సులు. అక్కడికి దగ్గరలోనే నగర కేంద్ర గ్రంథాలయం వుంది. అందులోనూ బల్లల దగ్గర కూర్చున్న పిల్లల్లో చాలామంది సొంత గైడులు వెంట తెచ్చుకొని చదువుకునేవారే. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు వున్నప్పుడు వాళ్ళకు పరీక్షే ప్రాణం.

ఆ గైడుల్లో ఒక ప్రశ్న వుంటుంది. ‘‘దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు ఎవరు?’’ నాలుగు పేర్లు ఇస్తారు. సరయినదాన్ని గుర్తించాలి. ఒక్క మార్కు. జవాబు వట్టికోట ఆళ్వారుస్వామి. పిల్లలు ఈ జవాబును కంఠస్థం చేస్తారు. కాని ఆయన ఎవరో, ఏం చేశారో వాళ్ళలో ఎందరికి తెలుసు?

ఆళ్వారుస్వామి మన జిల్లావాడే. నకిరేకల్ దగ్గర చెరువుమాదారంలో 1915లో పుట్టారు. పేదరికం వల్ల బడిలో కుదురుగా చదువుకోలేకపోయారు. వంట చేసి పెట్టి అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో పని చేశారు. గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పని చేశారు. 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. అచ్చు వేసిన పుస్తకాలను దుకాణంలో పెట్టి కొనేవాళ్ళ కోసం కూర్చోలేదు. తానే మోసుకుంటూ వూరూరా తిరిగి అమ్మారు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన నిజాం కాలం అది. తెలుగు చదివే పల్లెవాడి చేతికి పుస్తకం అందించడమే అప్పుడు పెద్ద పని. ఆయన జైలుకు వెళ్ళారు, బయటికి వచ్చి మళ్ళీ రాశారు. 1961లో కన్నుమూశారు.

పల్లెకు పుస్తకం మోసుకొచ్చిన మనిషి పేరును పల్లె పిల్లవాడు పట్నంలో ఒక్క మార్కు కోసం కంఠస్థం చేస్తున్నాడు. ఆయన రాసిన నవల మాత్రం వాడి సంచిలో వూరికి రావడం లేదు. అసలు లోటు ఇక్కడ వుంది.

కాచిగూడ చౌరస్తాలో నవోదయ

మన వూళ్ళో ఎవరి దగ్గరయినా ఈ మధ్య వచ్చిన తెలుగు కథల పుస్తకమో, కవితల పుస్తకమో వుంటే మొదటి పేజీలు తిప్పి చూడండి. ‘ప్రతులకు’ అనే మాట కింద తరచుగా ఒక చిరునామా కనిపిస్తుంది. నవోదయ బుక్ హౌస్, ఆర్యసమాజ్ మందిరం ఎదురుగా, కాచిగూడ, హైదరాబాదు. తెలుగు పుస్తకాలు చదివేవారికి బాగా తెలిసిన దుకాణం ఇది.

తెలుగు పుస్తకాలలో చాలా వాటిని రచయితలే సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంటారు. అయిదు వందల ప్రతులో, వెయ్యి ప్రతులో వేయిస్తారు. బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్‌లోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆవిష్కరణ సభ జరుగుతుంది. శాలువాలు కప్పుతారు, ఉపన్యాసాలు ఇస్తారు. ఆ మర్నాటి నుంచి మిగిలిన కట్టలు రచయిత ఇంట్లో మంచం కింద వుండిపోకుండా చదివేవాడి దాకా చేరాలంటే వాటిని తీసుకొని, అలమారలో పెట్టి, అమ్మి, కమీషన్ పోను మిగతా డబ్బు ఇచ్చే దుకాణం ఒకటి కావాలి. నవోదయ వంటి దుకాణాలు చేస్తున్న పని అదే. పెద్ద కంపెనీలు అమ్ముడుపోయే పుస్తకాన్ని అమ్ముతాయి. ఏడాదికి పది ప్రతులు మాత్రమే పోయే పుస్తకాన్ని కూడా అలమారలో వుంచేవి ఇలాంటి పేట దుకాణాలే.

ఆ పరిసరాలకు పుస్తకాల సంబంధం ఇవాళ్టిది కాదు. కాచిగూడ చౌరస్తాకు దగ్గరలోని సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వుంది. 1901 సెప్టెంబరు 1న మొదలయిన గ్రంథాలయం అది. దాన్ని నెలకొల్పినవారిలో మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు వున్నారు. మునగాల ఇప్పటి సూర్యాపేట జిల్లాలోది. అంటే పట్నంలో తెలుగు పుస్తకానికి చోటు కల్పించినవారిలో మన పక్కవారి చెయ్యి మొదటి నుంచీ వున్నదన్నమాట.

వెళ్ళడం ఎలా?

మన బస్సులు ఆగే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గరే మెట్రో రైలు స్టేషన్ వుంది. అక్కడి నుంచి జూబ్లీ బస్ స్టేషన్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే మొదట సుల్తాన్ బజార్, తరువాత నారాయణగూడ, ఆపైన చిక్కడపల్లి, ఆ తరువాత ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వస్తాయి. ఈ దారి 2020 ఫిబ్రవరిలో మొదలయింది. నారాయణగూడలో దిగితే కాచిగూడ చౌరస్తాకు ఆటోలో కొద్ది దూరమే. అశోక్‌నగర్‌లో వుండే పిల్లలయితే ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లో ఎక్కి రెండో స్టేషన్‌లో దిగితే సరి. ఆ చౌరస్తాలో సినిమాకు పోయి వచ్చేంత సమయం కూడా పట్టదు.

ఏటా సాధారణంగా డిసెంబరు నెలలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన కూడా ఆ దగ్గరలోనే, ఇందిరా పార్కు ఎదుట వున్న ఎన్.టి.ఆర్. స్టేడియంలో జరుగుతూ వస్తున్నది. సంక్రాంతికి ముందు వస్తుంది కనుక పండుగకు వూరికి వచ్చే పిల్లలకు అది మంచి అవకాశం. నవోదయతో పాటు హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నవచేతన, నవతెలంగాణ, మంచి పుస్తకం వంటి తెలుగు సంస్థల పుస్తకాలను అక్కడ ఒకేచోట చూడవచ్చు. రాష్ట్రం విడిపోయిన తరువాత ఇక్కడ విశాలాంధ్ర పుస్తకాల పని నవచేతన పేరుతోను, ప్రజాశక్తి పుస్తకాల పని నవతెలంగాణ పేరుతోను సాగుతున్నది. పాత పేర్లు వెతుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

టపా ఛార్జీల గొడవ

పట్నంలో ఎవరూ లేనివారి సంగతి ఏమిటి? వాళ్ళకు టపాయే దిక్కు. పుస్తకం అన్ని వూళ్ళకూ చేరేది టపా ద్వారానే. కొరియర్లవాళ్ళు మండల కేంద్రం దాటి లోపలి వూళ్ళకు రావడం తక్కువ. పోస్ట్‌మాన్ మాత్రం తండాకు కూడా వస్తాడు.

పుస్తకాలకు టపా శాఖ చాలా కాలంగా తక్కువ ఛార్జీ తీసుకునేది. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ అనేవారు. అయిదు కిలోల పుస్తకాల కట్టకు సుమారు 80 రూపాయలు అయ్యేది. 2024 డిసెంబరులో ఆ సదుపాయాన్ని హఠాత్తుగా తీసివేశారు. అదే కట్టను మామూలు పార్సిల్‌గా పంపాలంటే రెండు వందల రూపాయలు దాటింది. వంద రూపాయల పుస్తకానికి టపా ఖర్చే దాదాపు అంత అయితే పల్లెలో కొనేదెవరు? చిన్న ప్రచురణకర్తలు, పుస్తకాల దుకాణాలవారు, రచయితలు గట్టిగా అభ్యంతరం చెప్పారు.

ఆ తరువాత 2025 మే 1 నుంచి టపా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ పేరుతో కొత్త సదుపాయం ప్రవేశపెట్టింది. ఆ రోజు ప్రకటించిన ధర ప్రకారం 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోల కట్టకు 100 రూపాయలు, పైన పన్ను. మునుపటికంటె కొంచెం ఎక్కువే అయినా, మామూలు పార్సిల్‌తో పోలిస్తే సగం లోపే. కట్ట ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే వీలు కూడా వుంది. రైళ్ళలో, మోటారు బండ్లలో వస్తుంది కనుక నాలుగు రోజులు ఆలస్యం కావచ్చు. వారపత్రికలు, మాసపత్రికలు, వ్యాపార ప్రకటనల పుస్తకాలు ఇందులో పంపడానికి వీల్లేదు.

దీనివల్ల పల్లెవారికి ఒక మేలు వుంది. ఒక్క పుస్తకానికి ఒక్కరు ఖర్చు పెట్టుకునే బదులు, వూళ్ళో పదిమంది కలిసి పది పుస్తకాలు ఒకే కట్టగా తెప్పించుకుంటే తలా పది పన్నెండు రూపాయలతో పోతుంది. పుస్తకం పంపమని దుకాణానికి ఫోను చేసేటప్పుడు ‘జ్ఞాన్ పోస్ట్‌లో పంపండి’ అని ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే ఖరీదయిన దారిలో వచ్చే అవకాశం వుంది.

ఏ పుస్తకాలు తెమ్మనాలి?

పల్లెవారికి పనికివచ్చే పుస్తకాలు కొన్నింటిని ఇక్కడ చెబుతున్నాము. ఇందులో పరీక్ష కోసం చదవవలసింది ఒక్కటీ లేదు. అయితే చదివిన పిల్లవాడికి పరీక్షలో నష్టం కూడా లేదు.

ప్రజల మనిషి: వట్టికోట ఆళ్వారుస్వామి నవల. 1955లో వచ్చింది. నిజాం కాలంలో ఒక పల్లె, దాని మీద దొర పెత్తనం, వెట్టి, దాన్ని ఎదిరించి నిలబడిన మనుషులు ఇందులో కనిపిస్తారు. మన తాతలు చెప్పిన సంగతులే అచ్చులో చదువుతున్నట్టు వుంటుంది. మొట్టమొదట తెప్పించుకోవలసిన పుస్తకం.

చిల్లర దేవుళ్ళు: దాశరథి రంగాచార్య నవల. గడీ లోపలి బతుకు, బయటి బతుకు రెండూ చూపిస్తుంది. మాటలు మన మాటలే. సినిమాగా కూడా వచ్చింది.

మనకు తెలియని మన చరిత్ర: తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ కథలను తామే చెప్పుకున్న పుస్తకం. స్త్రీశక్తి సంఘటన వారు వూళ్ళు తిరిగి, వాళ్ళ దగ్గర కూర్చొని విని 1986లో తెచ్చారు. 2022లో మరణించిన మల్లు స్వరాజ్యం చెప్పిన సంగతులు కూడా ఇందులో వున్నాయి. పోరాటంలోకి ఎలా వెళ్ళారో చెప్పడంతో ఆగకుండా, అది ముగిశాక ఇంటికి తిరిగి వచ్చి ఏం పడ్డారో కూడా వాళ్ళు దాచకుండా చెప్పారు. మహిళా సంఘాల సమావేశంలో ఒకరు చదువుతుంటే పదిమంది వినదగినది.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర: సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన గ్రంథం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్న మొదటి తెలుగు పుస్తకం ఇదే. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ పంటలు పండించారు అని వెతికి రాశారు. భాష కొంచెం పాతది. తొందరపడకుండా రోజుకు నాలుగు పేజీలు చదవాలి.

అతడు అడవిని జయించాడు: డాక్టర్ కేశవరెడ్డి నవల. ఆయన చిత్తూరు జిల్లావారు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలివాడు అడవిలోకి వెళ్ళడమే కథ. పశువులను కాసినవారికి, అడవి అంచున బతికినవారికి ఇందులోని ప్రతి సంగతీ అర్థమవుతుంది. చిన్న పుస్తకం, ఒకటి రెండు రాత్రుల్లో పూర్తవుతుంది.

ఏడు తరాలు: అమెరికాలో నల్లజాతి రచయిత ఎలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన పుస్తకానికి సహవాసి తెలుగు. ఆఫ్రికా పల్లె నుంచి ఎత్తుకుపోయి బానిసగా అమ్మిన ఒక మనిషి వంశం కథ. 1980లో ఆరంభమయిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. తక్కువ ధరకు మామూలు జనానికి మంచి పుస్తకాలు అందించాలని సి.కె. నారాయణరెడ్డి ప్రభృతులు పెట్టిన సంస్థ అది. వెట్టి సంగతి తెలిసినవారికి ఈ కథ పరాయి దేశపు కథ అనిపించదు.

డాక్టరు అందుబాటులో లేని పల్లెల కోసం డేవిడ్ వెర్నర్ రాసిన ఆరోగ్య గ్రంథం: దీని తెలుగు అనువాదాన్ని కూడా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి ఏం పట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి వంటి సంగతులు బొమ్మలతో చెబుతుంది. పాత పుస్తకం కనుక మందుల పేర్లు, మోతాదులు మాత్రం ఆరోగ్య కార్యకర్తనో డాక్టరునో అడగకుండా వాడరాదు.

రైలుబడి: జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకానికి తెలుగు. పాత రైలుపెట్టెలనే తరగతి గదులుగా మార్చిన బడి అది. అల్లరిపిల్ల అని ఒక బడివారు పంపించివేసిన పిల్లను ఈ బడి హెడ్‌మాస్టరు కూర్చోబెట్టి, ఆమె చెప్పే కబుర్లన్నీ ఓపికగా విన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఆ బడి కాలిపోయింది. పిల్లలు, పంతుళ్ళు, తల్లిదండ్రులు ముగ్గురూ చదవవలసింది.

ఒక హెచ్చరిక. తెలుగు పుస్తకాలు ఎప్పుడూ అచ్చులో వుండవు. అయిపోయిన పుస్తకం మళ్ళీ అచ్చు కావడానికి ఏళ్ళు పట్టవచ్చు. కనుక పిల్లవాణ్ణి దుకాణానికి పంపే ముందు ఫోనులో కనుక్కోవడం మంచిది. ఒకటి దొరకకపోతే మరొకటి తెమ్మనాలి. వట్టి చేతులతో రానివ్వకూడదు.

ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

కొనే స్తోమత లేనివారు ఏం చేయాలి అని అడగవచ్చు. వారు ఇప్పటికే పుస్తకానికి డబ్బు కట్టారు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయాల కోసం వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వచ్చిన పన్ను ఇది. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థ నడవాలి. అంటే మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం మనకు ఎవరూ దానం చేసింది కాదు. ప్రతి ఇంటివారికీ అందులో వాటా వుంది.

అక్కడికి వెళ్ళి దినపత్రిక చదివి రావడంతో ఆగకూడదు. కావలసిన పుస్తకం పేరు, రచయిత పేరు కాగితం మీద రాసి ఇవ్వాలి. పదిమంది సంతకాలు పెట్టి అడిగితే మరీ మంచిది. అడిగేవారు లేని గ్రంథాలయానికి ఎవరికి నచ్చిన పుస్తకాలు వాళ్ళు పంపుతారు. అడిగేవారుంటే అందుకు జవాబు చెప్పవలసి వస్తుంది.

పూర్వం మనవాళ్ళు పుస్తకం కోసం ఎంత శ్రమపడ్డారో తలచుకుంటే ఇది పెద్ద పని కాదు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ రేవుకు రాగానే జనం పుస్తకాలు మార్చుకునేవారు. మన దగ్గర అలాంటి పడవ లేదు. ఆళ్వారుస్వామి భుజం మీద మోసుకొచ్చారు. ఇప్పుడు ఆ భుజం మన పిల్లలది.

తల్లిదండ్రులు పిల్లలకు ఫోను చేసినప్పుడు అడిగే మాటలు మూడే. తిన్నావా, పరీక్ష ఎప్పుడు, ఫలితం ఎప్పుడు. ఈ మూడు మాటలూ విని విని పిల్లలు కూడా అలసిపోయి వున్నారు. ఈసారి నాలుగో మాట ఒకటి కలపండి. ‘‘వచ్చేటప్పుడు మాకు చదువుకోను ఒక పుస్తకం తీసుకురా బిడ్డా’’ అనండి. కొలువు వచ్చినా రాకపోయినా తేగలిగిన వస్తువు అది. దానికోసం వాడు గదిలోంచి బయటికి వస్తాడు, నాలుగు అలమారలు చూస్తాడు, మీకు ఏది నచ్చుతుందో ఆలోచిస్తాడు. తెచ్చిన పుస్తకాన్ని ఇంట్లో దాచకుండా, చదివాక పక్కింటికి ఇవ్వండి. అట్ట మీద వూరి పేరు రాసి పెట్టండి. ఏడాదికి వూళ్ళో పదిమంది పిల్లలు తలా ఒకటి తెస్తే, అయిదేళ్ళకు పంచాయతీ ఆఫీసులో ఒక అలమార నిండుతుంది.